సైకిల్ తొక్కేటప్పుడు పవర్ కళ్లజోడు ఏది తీసుకోవాలి?

రెండు కళ్లకూ మైనస్ 3.50, కొద్దిగా సిలిండర్ (అడ్డం నిలువుల్లో చూపు తేడాను సరిచేసే పవర్), రోజూ తెల్లవారుజామున రోడ్ బైక్ (కిందికి వంగిన హ్యాండిల్ ఉండే సైకిల్) మీద ఓ 30 కిలోమీటర్లు. పవర్ వేయించిన సైక్లింగ్ గ్లాసెస్ కొనాలా, రంగుటద్దాల లోపల పవర్ లెన్సుల క్లిప్ తగిలించుకునేవి కొనాలా, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవాలా అని అడిగారు. ఈ మూడూ నేను వాడాను. మూడింట్లో ఏది అన్న ప్రశ్న కన్నా ముందు చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది, మీకు ముందే చెబుతాను.

నాది విశాఖ. వారంలో నాలుగు రోజులు ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి దాకా వెళ్లి వస్తాను. నా కుడి కన్ను మైనస్ 4.25, ఎడమ కన్ను మైనస్ 2.75.

మొదట్లో ఆఫీసుకు పెట్టుకెళ్లే కళ్లజోడుతోనే తొక్కేవాణ్ణి. గంట దాటేసరికి కనుబొమల మధ్య నొప్పి మొదలయ్యేది. నిద్ర చాలక అనుకున్నాను, నీళ్లు తక్కువ తాగుతున్నాననుకున్నాను. కారణం వేరే. రోడ్ బైక్ మీద నడుం వంచి, తల దించి, కళ్లు మాత్రం పైకెత్తి రోడ్డు చూస్తాం. అంటే లెన్సు మధ్యలోంచి కాదు, దాదాపు పై అంచు పక్కనుంచి చూస్తున్నామన్నమాట. లెన్సు నడిబిందువు నుంచి ఒక సెంటీమీటరు పైనుంచి చూస్తే, పవర్ ఎన్ని డయాప్టర్లో (మైనస్ 3.50 లాంటి నంబర్లే అవి) బొమ్మ అన్ని ప్రిజం డయాప్టర్లు (బొమ్మ పక్కకు జరగడాన్ని కొలిచే లెక్క) జరుగుతుంది. రెండు కళ్ల పవర్ ఒకటే అయితే రెండు బొమ్మలూ కలిసే జరుగుతాయి, పెద్ద ఇబ్బంది ఉండదు. నా విషయంలో తేడా 1.50. ఒక కంటి బొమ్మ ఇంకో కంటి బొమ్మకు ఎత్తులో సరిపోదు. ఆ రెండింటినీ కలపడానికి కంటి కండరాలు గంటసేపు గుంజుకుంటూనే ఉంటాయి. ఆ నొప్పి అదే.

మీకు రెండు కళ్లకూ సమానమే కాబట్టి నా అంత తలనొప్పి రాకపోవచ్చు. కానీ ఫ్రేమ్ పై అంచు సరిగ్గా చూపుకు అడ్డం రావడం, లెన్సు అంచున మసకగా, రంగులు విడిపోయినట్టు కనిపించడం మీకూ ఉంటాయి. అందుకే ఏ రకం కొన్నా సరే, కంటిపాప లెన్సులో ఎక్కడికి వస్తుందన్న కొలత మాత్రం సైకిల్ మీద కూర్చునే భంగిమలో తీయించుకోండి.

నాకు ఆ కొలత తీసినాయన వయసులో పెద్దాయన. ద్వారకానగర్ వైపు చిన్న షాపు. సమస్య చెబితే, "సైకిల్ పట్రా బాబూ, హెల్మెట్ కూడా" అన్నాడు. మర్నాడు తీసుకెళ్లాను. షాపు ముందు అరుగు పక్కన సైకిల్‌ను గోడకు ఆనించి, నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. కుర్రాడొకడు వెనక సీటు పట్టుకున్నాడు. ఫ్రేమ్‌లో ఇంకా ఉత్తుత్తి ప్లాస్టిక్ లెన్సులే ఉన్నాయి. చేతులు హ్యాండిల్ కింది వంపులో పెట్టించి, ఎదురుగా రోడ్డవతలి కరెంటు స్తంభం చూడమని, తను మోకాళ్ల మీద వంగి నా కళ్లలోకి చూస్తూ, సన్నటి మార్కర్‌తో ఒక్కో లెన్సు మీద ఒక్కో చుక్క పెట్టాడు. తర్వాత నిటారుగా నిలబెట్టి మళ్లీ రెండు చుక్కలు పెట్టాడు. స్కేలు పెట్టి కొలిస్తే మధ్యలో 8 మిల్లీమీటర్లు తేడా. పూర్తిగా పై చుక్క దగ్గర పెడితే దిగి నడిచేటప్పుడు ఇబ్బంది అని, నడిబిందువును 5 మిల్లీమీటర్లు పైకి జరిపి రాసి పంపించాడు. ఆ జోడు పెట్టుకున్న మొదటి ఆదివారం భీమిలి వెళ్లి వచ్చాక నుదురు పట్టుకోలేదు. మూడేళ్లయింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఇక మీరడిగిన మూడు రకాలు.

ముఖం చుట్టూ వంపు తిరిగిన గ్లాసెస్‌లో నేరుగా పవర్ వేయించడం అందరికీ నచ్చే దారి. నేనూ మొదట అదే చేసి దెబ్బతిన్నాను. ఒక షాపులో బాగా వంపున్న ఫ్రేమ్ తీసుకుంటే, డాక్టర్ చీటీలో ఉన్న నంబర్లే యథాతథంగా అందులో వేసి ఇచ్చారు. లెన్సు ముఖానికి అంత వాలుగా ఉన్నప్పుడు అదే పవర్ కంటికి వేరేగా అందుతుంది, లేని సిలిండర్ కొత్తగా వచ్చి చేరుతుంది. పక్కకు చూస్తే రోడ్డు అంచు వంగినట్టు, ఉన్న చోటుకన్నా దూరంగా ఉన్నట్టు అనిపించేది. నాలుగో రోజు రుషికొండ మలుపులో వెనకనుంచి బస్సు హారన్ కొడితే పక్కకు తీశాను. తారు ఇంకా ఉందనుకున్న చోట లేదు, ముందు చక్రం గులకలోకి దిగింది. మోచేయి గీరుకుపోయింది. ఎముకలకేమీ కాలేదు.

వంపుకు తగ్గట్టు పవర్‌ను సరిచేసి లెన్సు చేసే ల్యాబులు ఉన్నాయి. ఫ్రేమ్ వంపు కోణం, ముందుకు వాలిన కోణం, కంటికి లెన్సుకు మధ్య దూరం కొలిచి పంపితే వాళ్లు లెక్కకట్టి చేస్తారు. షాపులో ఒక్క మాట అడగండి: "ఈ వంపుకు పవర్ సరిచేసి ఇస్తారా?" అలాంటిదేమీ అక్కర్లేదంటే అక్కడ వంపు ఫ్రేమ్ తీసుకోవద్దు. మైనస్ 3.50కి నా సలహా మాత్రం కొద్దిపాటి వంపున్న స్పోర్ట్స్ ఫ్రేమ్. గాలి కాస్త ఎక్కువ తగులుతుంది నిజమే, చూపు మాత్రం తేటగా ఉంటుంది. లెన్సు ఎత్తు ఎక్కువగా ఉండి, పై అంచు కనుబొమల దాకా వచ్చేది చూసుకోండి. పైన రిమ్ లేనిది దొరికితే ఇంకా మంచిది.

క్లిప్ పెట్టుకునేవి ఖర్చు తక్కువ. ముందరి రంగుటద్దం పగిలినా గీతలు పడినా అది మార్చుకుంటే చాలు, పవర్ లెన్సులు అలాగే ఉంటాయి. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఇష్టంగా వాడతాడు. నాకు ఇక్కడ కుదరలేదు. సముద్రపు తేమకు రెండు అద్దాల మధ్య ఆవిరి పట్టేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఎదురుగా ఏమీ కనపడదు. పైగా నా రెప్పల వెంట్రుకలు క్లిప్‌కు తగిలేవి. మీ ఊళ్లో ఉక్కపోత తక్కువైతే ప్రయత్నించవచ్చు.

కాంటాక్ట్ లెన్సుల్లో గొప్ప సుగుణం ఏమిటంటే కన్ను ఎటు తిరిగితే లెన్సూ అటే తిరుగుతుంది. తల వంచినా, పక్కకు తిప్పినా చూపు ఒకేలా ఉంటుంది. మీకు సిలిండర్ ఉంది కాబట్టి టోరిక్ లెన్సులు అడగాలి. ఒక రోజుకు పారేసేవే మేలు. నేను 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) వాటితో వెళ్లాను. దానికి పదమూడున్నర గంటల గడువు. మధ్యాహ్నం దాటేసరికి కళ్లల్లో ఇసుక పోసినట్టయింది. కాబట్టి అవి పెట్టుకున్నా పైన పవర్ లేని కళ్లద్దాలు ఉండాలి, జేబులో పవర్ కళ్లజోడు ఉండాలి. దారిలో లెన్సు జారితే సీసాలో నీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకోవద్దు. మామూలు నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డును పుండు చేసి చూపే తీసేయగలదు. తీసి పారేసి కళ్లజోడు పెట్టుకోండి.

లెన్సు దేనితో చేసిందో అడగండి. పాలీకార్బొనేట్ లేదా ట్రైవెక్స్, దెబ్బకు సులువుగా పగలని ఈ రెండు ప్లాస్టిక్‌లే. భీమిలి నుంచి వస్తుంటే ఒకసారి లారీ టైరు కింద నుంచి ఎగిరిన రాయి టప్‌మని నా కుడి లెన్సుకు తగిలింది. లెన్సు మీద చిన్న గుంట పడింది, కంటికి ఏమీ కాలేదు. అదే గాజైతే ఏమయ్యేదో! పాలీకార్బొనేట్ సులువుగా దొరుకుతుంది, ఇంకాస్త పల్చగా ఉంటుంది, కాకపోతే అంచుల్లో రంగులు విడిపోతాయి. ట్రైవెక్స్‌లో ఆ లోపం తక్కువ, ఖరీదు కొంచెం ఎక్కువ. పై అంచునుంచి చూసే మనలాంటి వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

రంగు విషయానికొస్తే, చీకటితో బయల్దేరి ఎండలో తిరిగొచ్చే వాళ్లకు ఎండకు వాటంతటవే నల్లబడే ఫొటోక్రోమిక్ లెన్సులు బాగుంటాయి. అయితే బాగా వేడిగా ఉన్నప్పుడు అవి పూర్తిగా నల్లబడవు. మేలో అది తెలిసిపోతుంది. పోలరైజ్డ్ నేను వద్దంటాను. తడి రోడ్డు మెరుపునే అది తీసేస్తుంది. తడి ఎక్కడుందో, నూనె ఎక్కడ ఒలికిందో మనకు చెప్పేది ఆ మెరుపే. సైకిల్ కంప్యూటర్ తెర కూడా కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తుంది. మెరుపు తగ్గించే కోటింగ్ మాత్రం లెన్సు లోపలి వైపు తప్పకుండా ఉండాలి. భీమిలి వెళ్లేటప్పుడు కుడి పక్క సముద్రం మీంచి వచ్చే ఎండ లెన్సు లోపలి ముఖానికి తగిలి నేరుగా కంట్లో పడేది, కోటింగ్ వేయించాకే పోయింది.

హెల్మెట్ పట్టీలు కళ్లజోడు కాడల కింద నుంచి పోవాలి, కాడలు పట్టీల పైన ఉండాలి. కాడ చివర హెల్మెట్ వెనక బిగింపుకు తగులుతుందేమో షాపులోనే చూసుకోండి. తగిలితే కళ్లజోడు ముందుకు నెడుతూ ఉంటుంది. ముక్కు దగ్గర వంచుకోగలిగే సిలికాన్ ప్యాడ్లు తీసుకోండి. చెమటకు ఫ్రేమ్ నాలుగు మిల్లీమీటర్లు జారిందంటే ఆ పెద్దాయన పెట్టిన చుక్క వృథా అయినట్టే.

ఇంటికి రాగానే ముందు నీళ్ల కింద పట్టి ఉప్పు, దుమ్ము పోనిచ్చి, ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. పొడిగా టీషర్టుతో తుడిచి నేను ఒక జత లెన్సులు పాడుచేశాను.

కొత్త జోడు వచ్చిన రోజే హైవే ఎక్కవద్దు. రెండు మూడు ఉదయాలు కాలనీలోనే తిరగండి. స్పీడ్ బ్రేకర్ ఎత్తు, రోడ్డు అంచు, వెనక్కి తిరిగి చూసినప్పుడు వచ్చే బండి దూరం సరిగ్గా తెలుస్తున్నాయా చూసుకోండి. నేల వాలినట్టు అనిపించడం మూడో రోజుకీ తగ్గకపోతే, అలవాటవుతుందని ఎవరు చెప్పినా ఆగకుండా షాపుకు తీసుకెళ్లి కొలతలు మళ్లీ తీయించండి.