తిరిగే వేడి నీళ్ల మీద పీహెచ్‌డీ అంటోంది అమ్మాయి, పంపాలా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు. వాళ్లమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయిపోయింది, పరిశోధనకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కూడా కొట్టింది, ఇప్పుడు "వేడి చేస్తూ తిప్పే ద్రవాల్లో అస్థిరత, దాని కంప్యూటర్ మోడలింగ్" అనే టాపిక్ మీద పీహెచ్‌డీ సీటొచ్చింది. చుట్టాలేమో నీళ్లు కాచడానికి ఐదారేళ్ల చదువా, ఆర్నెల్లు డేటా సైన్స్ కోర్సు చేయిస్తే పోలా అంటున్నారట. జాబ్ వస్తుందా, ఈలోపు పెళ్లి వయసు దాటిపోతుందా అని ఆయన టెన్షన్.

సార్, పెళ్లి సంగతి నేను చెప్పను, అది అమ్మాయినే అడగండి. మిగతాది చెప్తా.

ముందు ఆ నీళ్ల సంగతి, ఎందుకంటే మీకది అర్థమైతే చుట్టాలకి మీరే జవాబు చెప్పుకుంటారు. రెండు పలకల మధ్య పల్చగా నీళ్లుంచి కింద పలకని కొద్దిగా వేడి చేస్తే నీళ్లు కదలవు, వేడి మాత్రం మెల్లగా పైకి పాకుతుంది, ఇంకా పెంచుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర కిందవి పైకి, పైవి కిందకి తిరగడం మొదలవుతుంది. ఆ హద్దుని రేలీ నంబర్ అనే దాంతో కొలుస్తారు, నీళ్లని కదిలించే వేడి జోరు వాటిని ఆపే జిగట కంటే ఎంత ఎక్కువో చెప్పే లెక్క అది, హద్దు 1708 దగ్గర ఉంటుంది. ఇప్పుడు ఆ మొత్తాన్ని గుండ్రంగా తిప్పారనుకోండి, గందరగోళం ఇంకా పెరుగుతుందనే కదా మనం అనుకుంటాం, కానీ హద్దే పెరుగుతుంది, తిప్పుడు నీళ్లని పట్టి ఆపుతుందన్నమాట. ఇదంతా లెక్కలు కట్టి తేల్చిన వాళ్లలో మన చంద్రశేఖర్ గారు ముఖ్యులు, నక్షత్రాల మీద పనికి 1983లో నోబెల్ వచ్చింది కదా, ఆయనే, ఈ విషయం మీద 1961లో పెద్ద పుస్తకమే రాశారు. అడుగు నుంచి కాకుండా పక్క నుంచి వేడి చేస్తే ఇంకో కథ. 1950ల్లో కేంబ్రిడ్జిలో రేమండ్ హైడ్ అనే ఆయన తిరిగే సిలిండర్ల మధ్య నీళ్లు పోసి బయట గోడ వేడిగా లోపల గోడ చల్లగా ఉంచితే, పై ఆకాశంలో జెట్ స్ట్రీమ్ అనే జోరు గాలి వంకరలు తిరిగినట్టే అలలు వచ్చాయి. తమాషా ఏంటంటే ఆయన బుర్రలో ఉన్నది భూమి లోపలి ద్రవం, దొరికింది మాత్రం వాతావరణం.

ఇక జాబ్. ఈ టాపిక్ పేరుతో నోటిఫికేషన్ ఏదీ పడదు, అలా ఎదురుచూడొద్దు. సముద్రం, వాతావరణం వైపు అయితే హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, పూణేలో వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, నోయిడాలో వాతావరణ అంచనాల కేంద్రం ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ ఉన్నాయి, 2024లో పూణేకి అర్క, నోయిడాకి అరుణిక అని కొత్త సూపర్ కంప్యూటర్లు కూడా వచ్చాయి, కానీ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. కంపెనీల వైపు అయితే విమానం ఇంజిన్లో తిరిగే డిస్కుల మధ్య చిక్కుకున్న వేడి గాలి ఇదే లెక్క, చిప్పుల కోసం 1414 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్ నుంచి క్రిస్టల్‌ని తిప్పుతూ లాగడం కూడా ఇదే లెక్క. వాళ్లు థీసిస్ టైటిల్ చూసి తీసుకోరండీ, వెయ్యి కోర్ల మీద, అంటే వెయ్యి ప్రాసెసర్ల మీద ఒకేసారి నడిచే కోడ్ రాయగలదా, వచ్చిన ఆన్సర్ తప్పో ఒప్పో పట్టుకోగలదా అని చూస్తారు. అది వచ్చిన పిల్లకి డేటా సైన్స్ తలుపు కూడా తెరిచే ఉంటుంది, కోర్సు చేసొచ్చిన పిల్లకి ఈ తలుపు తెరుచుకోదు.

కాకపోతే ఒకటుంది. మ్యాథ్స్ పిల్లలు చాలామంది థియరీ అనుకుని వెళ్తారు, రోజులో ఎక్కువ టైం కోడ్‌లో తప్పు వెతకడానికే పోతుంది, రెండో ఏడాదికి ఏడుపు మొహంతో నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. అందుకే చేరేలోపు అమ్మాయిని లాప్‌టాప్‌లో పైథాన్‌తో సొంతంగా ఆ 1708 రప్పించమనండి, ఆ తర్వాత తిప్పుడు కలపమనండి, అడ్డం పడితే డెడాలస్ అనే ఫ్రీ ప్యాకేజీ ఉంది, దాంతో పోల్చి చూసుకోవచ్చు. మొదటిసారి 1650 వస్తుంది, లేదా అసలేదో పిచ్చి నంబర్ వస్తుంది. అప్పుడు విసుక్కుని మూసేస్తుందా, అన్నం కూడా మర్చిపోయి వెతుకుతుందా చూడండి. రెండోదైతే కళ్లు మూసుకుని పంపండి.

డబ్బు మీరు పెట్టేదేం లేదు, జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. గైడ్ విషయంలో మాత్రం మొహమాటపడకండి, ఆయన దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడు ఎక్కడున్నారు, క్లస్టర్ (అందరూ పంచుకునే పెద్ద కంప్యూటర్) టైం దొరుకుతుందా లేక క్యూలో వారాలు కూర్చోవాలా అని సీనియర్స్‌ని విడిగా అడగమనండి, గైడ్ పక్కనుండగా అడిగితే ఎవరూ నిజం చెప్పరు.