కంపోటును తెలుగులో ఏమని రాయాలి?

సందేహం: మాది గుంటూరు, బ్రాడీపేట. కాల్చిన బ్రెడ్డు మీద క్రీమ్ చీజ్ రాసి, పైన తాజా మామిడిపండుతో చేసిన కంపోట్ (పంచదార వేసి మెత్తగా ఉడికించిన పండు ముక్కలు) వేసి పిల్లలకు పెడుతుంటాను. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం కలిసి వేస్తున్న చిన్న వంటల పుస్తకానికి దాన్ని తెలుగులో రాయమన్నారు. ‘జున్ను రాసిన కాల్చిన రొట్టె, పండ్ల పచ్చడితో’ అని రాశాను. మా అత్తగారు చదివి, “జున్ను రొట్టెకు రాసేదేందమ్మా? మామిడిపండుతో పచ్చడేంది?” అన్నారు. పోనీ ‘కంపోట్’ అని మార్చితే “కంపేంది?” అన్నారు. ఇప్పుడు ఏం రాయాలి?

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మొదటి రెండు ప్రశ్నలూ నూటికి నూరుపాళ్లు సరైనవి. మూడోదాని సంగతి తర్వాత చూద్దాం.

నిఘంటువుల్లో చీజుకు ‘జున్ను’ అనే అర్థం కనిపిస్తుంది కాబట్టి మీరు అలా రాయడంలో వింత లేదు. కానీ గుంటూరులో, బెజవాడలో జున్ను అన్న మాట వినగానే నోట్లోకి వచ్చే రుచి వేరు. గేదె ఈనిన తొలి రెండు మూడు రోజుల పాలు, అంటే ముర్రుపాలు తెచ్చి, బెల్లం, మిరియాల పొడి, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తే జున్ను. ఆ పాలలో ప్రోటీన్లు ఎక్కువ కనుక తోడు పెట్టకుండా, విరగ్గొట్టకుండా, వేడికే గడ్డకడుతుంది. మీ క్రీమ్ చీజ్ పుట్టుక ఇంకోలా ఉంటుంది. మీగడ కలిపిన పాలను తోడుపెట్టి, గడ్డకట్టాక అందులోని నీటిని వడకట్టేస్తే వచ్చేది అది. జున్నును ముక్కలు కోసుకుని తింటాం, దీన్ని రాసుకుంటాం. ఉన్న వంటకం పేరు తీసి కొత్త వంటకానికి పెడితే పాతదానికి పేరు లేకుండా పోతుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

జున్నుకు తేనె అనే పాత అర్థం కూడా ఉంది. కన్ను - కంటి, మిన్ను - మింటి అయినట్టే జున్ను - జుంటి అయింది. జుంటితేనెలో ఉన్నది ఆ జున్నే. ఇంత చరిత్ర ఉన్న మాటను చీజు డబ్బా మీద అతికించవద్దు.

పనీర్ అందామా అని కొందరు అడుగుతారు. అదీ వేరే పదార్థమే. ఒకవేళ ఎక్కడైనా రాయాల్సి వస్తే ‘పనీర్’ అనే రాయండి. ‘పన్నీరు’ అని రాస్తే పెళ్లిలో చల్లేది అవుతుంది.

కాబట్టి చీజును చీజు అనే రాయండి. బయటి మాటలను తెలుగు తన పద్ధతిలోనే ఇముడ్చుకుంటుంది. చివరి హల్లుకు ముందున్న అచ్చు పొట్టిదైతే ఆ హల్లు ఒత్తి పలికి ‘ఉ’ చేరుస్తాం: కప్పు, బ్రెడ్డు, టిన్ను. పొడుగుదైతే ఒత్తకుండా ‘ఉ’ చేరుస్తాం: కేకు, జాము, క్రీము, చీజు. ఆ లెక్కన కంపోటు. అది ఫ్రెంచి మాట. ‘కలిపి పెట్టినది’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ‘కంపు’ వినిపిస్తోందని దాన్ని కాదనక్కర్లేదు. కంపెనీ అన్నప్పుడు ఎవరికీ కంపు గుర్తు రాదు, అలవాటైతే ఇదీ అంతే. అయినా నేను మీకు కంపోటు రాయమని చెప్పను. మన దగ్గర అంతకంటే మంచి మాట ఉంది.

పచ్చడి అనడం గుంటూరులో అసలు కుదరదు. ఉప్పు, కారం, పులుపు లేకుండా పచ్చడిని ఇక్కడ ఎవరూ ఊహించుకోరు. మురబ్బా అందామంటే, అది ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట, పండును పాకంలో వేసి నిలవ కోసం చేసేది. జాము కోసం పండును చిదిమి పాకం వచ్చేదాకా ఉడికిస్తారు. మీరు చేసేదాంట్లో ముక్క ముక్కలాగే ఉండాలి, పాకం రాకముందే దించాలి. మూతపెట్టి, సన్నసెగ మీద, తన నీటితో తానే మెత్తబడేలా చేయడాన్ని మన వంటింట్లో ఏమంటారు? మగ్గబెట్టడం. వంకాయ కూర మగ్గిందా అని రోజూ అడిగే మాటే. అదే మాట పండుకూ ఉంది. వరిగడ్డిలో వేసిన మామిడికాయలు మగ్గుతాయి. చెట్టు దిగిన కాయ గడ్డిలో మగ్గి పండవుతుంది, ఆ పండే గిన్నెలో మళ్లీ మగ్గుతుంది. ‘మగ్గిన మామిడి ముక్కలు’ అనండి. మీ అత్తగారికి వివరణ అక్కర్లేదు.

రొట్టె సంగతి. ‘రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు’ అనే సామెత ఉన్న జాతి మనది, కనుక రొట్టె అనడం తప్పు కాదు. చిక్కు ఏమిటంటే, జొన్నరొట్టెనూ కాలుస్తాం, దిబ్బరొట్టెనూ కాలుస్తాం. ‘కాల్చిన రొట్టె’ అంటే ఏ రొట్టె అన్నది తెలియదు. బ్రెడ్డు అనో టోస్టు అనో రాస్తే తేలిపోతుంది.

వస్తువుతో పాటు పేరు రావడం సహజం, దానికి నేను కంగారు పడను. ‘బ్రెడ్‌ని రోస్ట్ చేసి, చీజ్ స్ప్రెడ్ చేసి, ఫ్రూట్ కుక్ చేసి’ అని వంట వీడియోల్లో విన్నప్పుడే నాకు టెన్షన్. కాల్చు, వేయించు, మగ్గబెట్టు, రాయు, చల్లు అనే క్రియలన్నీ పోయి ఒక్క ‘చేయు’ మిగులుతోంది. ‘దోరగా’ అన్న మాటనే చూడండి. సగం పండిన జామకాయ దోరకాయ. ‘దోరగా వేయించడం’లో ఉన్నదీ ఆ మాటే. టోస్టు ఎంత కాలాలో చెప్పడానికి ఇంతకంటే కచ్చితమైన మాట నాకు తెలియదు.

అందుకని మీ వంటకాన్ని ఇలా రాయమంటాను:

‘రెండు బంగినపల్లి మామిడిపండ్లు తొక్క తీసి ముక్కలు కోసుకోవాలి. (రసాలు పనికిరావు, పేరులోనే ఉంది, అవి ముక్కకు నిలవవు.) 3 చెంచాల పంచదార చల్లి 15 నిమిషాలు ఉంచితే ముక్కలు నీరు వదులుతాయి. వేరే నీళ్లు పోయకుండా, మూతపెట్టి సన్నసెగ మీద 7, 8 నిమిషాలు మగ్గనివ్వాలి. ముక్క చిదిమిపోకముందే దించి, అరచెక్క నిమ్మరసం పిండాలి. బ్రెడ్డు ముక్కలకు వెన్న రాసి పెనం మీద రెండు వైపులా దోరగా కాల్చాలి. వేడి కాస్త తగ్గాక క్రీము చీజు రాయాలి, లేకపోతే కరిగి జారిపోతుంది. దాని మీద మగ్గిన మామిడి ముక్కలు వేసి, టోస్టు మెత్తబడకముందే తినాలి.’

పైన పేరు ‘మగ్గిన మామిడి, క్రీము చీజు టోస్టు’ అని పెట్టండి. జామకాయతోనో, సపోటాతోనో చేసిన రోజు పేరులో ‘మామిడి’ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.