ఎర్బిల్ తివాచీకి ఉద్దానం చెమ్మ

ప్రశ్న: ఇరాక్‌లోని ఎర్బిల్‌కి వెల్డింగ్ పనికెళ్లిన మా తమ్ముడు చేత్తో నేసిన ఉన్ని తివాచీ తెచ్చాడు. బిజార్ రకమట. మడతపెట్టి మంచం కింద దాచాం. వానలయ్యాక తీస్తే ఒక మూల ఉన్ని ఊడి పోగులు బయటపడ్డాయి, కుచ్చులు విడిపోతున్నాయి. నాఫ్తలీన్ ఉండలు వేసినా ఇలా ఎందుకైంది? సబ్బు పొడితో ఉతకొచ్చా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ముందు ఆ మడతలు విప్పండి. బిజార్ ఇరాన్ వైపు కుర్దుల ఊరు. అక్కడ ముడుల వరస కట్టాక పేకను (అడ్డపోగును) బరువైన దువ్వెనతో దట్టించి కొడతారు. అందుకే తివాచీ అట్టలా బిర్రుగా ఉంటుంది. ఎంత తొక్కినా అరగదు గానీ, మడిస్తే లోపలి పోగులు తెగుతాయి.

ఉన్ని తిన్నది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చీకటీ, ఎవరూ కదపని చోటూ దానికి మంచం కింద దొరికాయి. గాలి చొరబడని పెట్టెలో తప్ప నాఫ్తలీన్ ఆవిరి పురుగుని చంపేంత చిక్కగా నిలవదు. రెండు వైపులా వ్యాక్యూమ్ క్లీనర్ పట్టి, చెత్తను వెంటనే ఇంటి బయట పారేయండి. మిగిలిన గుడ్లు తర్వాత పొదుగుతాయి కాబట్టి వారానికోసారి, నెలపైనే చెయ్యాలి.

సబ్బు పొడి వద్దు, అందులోని క్షారం ఉన్నిని పాడుచేస్తుంది. బ్లీచింగ్ ద్రవమైతే ఏకంగా కరిగించేస్తుంది. తడి తెల్లగుడ్డను ప్రతి రంగు మీదా నిమిషం అదిమి చూడండి. ఏ రంగు అంటినా నీళ్లు తగలనివ్వకండి.

కుచ్చులు విడిగా కుట్టినవి కావు, పడుగు (నిలువు పోగుల) కొసలే. అవి అరిగితే చివరి పేక జారి, వెనకే ముడులు రాలతాయి. రంగు వెయ్యని మందపాటి నూలు దారంతో, అంచుకి మూడు నాలుగు పేకల లోపల సూది దింపి చుట్టుకుట్టు వెయ్యండి. పొందూరు సన్ననూలు ఇక్కడ ఆగదు. ఊడిన ముడుల జోలికి మాత్రం మీరు పోవద్దు. ‘సెన్నె ముడి’ కట్టమని ఎవరైనా చెబితే అసలే వద్దు: సెన్నె అంటే కుర్దుల సనందజ్ ఊరే గానీ, అక్కడివాళ్లు కట్టేది ఆ ముడి కాదు, మీ బిజార్ తివాచీలో ఉండేదీ అది కాదు!

దాచేటప్పుడు నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి ఉతికిన పంచె చుట్టి, దానిమీద తివాచీని నూగు (పైకి లేచిన ఉన్ని) వాలిన దిశలో, నూగు బయటికుండేలా చుట్టండి. పైన నూలు దుప్పటి. ప్లాస్టిక్ కప్పితే చెమ్మ లోపలే చిక్కి బూజు పడుతుంది.

ప్రశ్న: కుర్దుల కిలిం (ముడులూ నూగూ లేని చదును తివాచీ) నమూనా మా గుంటమగ్గం మీద నేస్తుంటే రంగు మారే చోట చీలిక వస్తోంది, వెడల్పూ తగ్గిపోతోంది.
– ఒక నేత కార్మికుడు, విజయనగరం జిల్లా

జవాబు: చీలిక మీ తప్పు కాదు, ఆ నేతే అంత. పేక అంచు నుంచి అంచుకి పోదు, ఒక్కో రంగు తన హద్దు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. నిలువు హద్దు సెంటీమీటరు దాటితే బొత్తాం కాజాలా నోరు తెరుస్తుంది. కిలింలలో మెట్లమెట్ల డైమండ్లు అన్ని కనిపించేది అందుకే. నాలుగు పేకలకోసారి హద్దును ఒక పడుగు పోగు పక్కకి జరపండి.

వెడల్పు తగ్గేది పేకను బిగలాగడం వల్ల. విల్లులా వదులుగా వేసి అప్పుడు దట్టించండి. చీర పడుగు మీద ప్రయత్నించకండి, అంత చిక్కటి పడుగును పేక కప్పలేదు. అంగుళానికి 8 నుంచి 10 గట్టి పోగులు చాలు.