అమ్మకు జబ్బుగా ఉన్నప్పుడు స్టేజీ ఎక్కి నవ్వించడం విశ్వాసికి తప్పా?

మీరు కామెడీ షోలు చేస్తారు, ఇంట్లో అమ్మకు జబ్బు. సంఘంలోవాళ్లు బైబిల్లోని ఎఫెసీ 5:4 చూపించి మానేయమంటున్నారు. ఇదే కదా మీ బాధ. నేను చిత్తూరులో పదిహేనేళ్లుగా మిమిక్రీ చేస్తున్నాను. ఈ మాట నేనూ పడ్డాను.

ఆ వచనం వద్దన్నది బూతులు, పోకిరిమాటలు, సరసోక్తులు. నవ్వును కాదు. దాన్ని నేను గట్టిగానే పట్టుకున్నాను, డబుల్ మీనింగ్ ఒక్కటీ వేయను. అందువల్ల కొన్ని ప్రోగ్రాములు పోయాయి, పోనీండి.

మా నాయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. తాగే నీళ్లకూ కొలతే. అమ్మ సీసా మీద పెన్నుతో గీతలు గీసి పెట్టేది. మే నెల ఎండల్లో ఆయన ఆ గీత వైపే చూస్తూ కూర్చునేవాడు. నాకు ప్రార్థన రావడం ఆగిపోయింది. మోకాళ్లూనితే కోపమే వచ్చేది. దానికి తోడు ఒక పెద్దాయన ఇంటికొచ్చి, నీ కొడుకు వెకిలి వేషాల వల్లే నీకిది వచ్చిందని నాయన ముఖం మీదే అన్నాడు.

ఆయన వెళ్లాక నాయన నా చెయ్యి తీసుకుని తన ఎడమ చేతి ఫిస్టులా మీద పెట్టాడు. డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు అది. ముట్టుకుంటే లోపల గుర్రుమంటూ ఉంటుంది. "ఆటో స్టార్ట్ చేసే పెట్టినా. గాంధీ రోడ్డుకా, కట్టమంచికా? చెప్పు అబ్బోడా" అన్నాడు. నవ్వీ నవ్వీ ఇద్దరం ఏడ్చేశాం. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి నేను ప్రార్థన చేశాను.

ఆ వారమే ఆదికాండం మళ్లీ చదివాను. తొంభై ఏళ్ల వయసులో బిడ్డ పుడతాడని వింటే అబ్రాహాము భార్య శారా గుడారంలో నవ్వుకుంది. నమ్మి నవ్వింది కాదు, పైగా నవ్వలేదని బొంకింది. అయినా దేవుడు మాట తప్పలేదు. ఆ బిడ్డకు ఇస్సాకు అనే పేరు పెట్టమన్నదీ ఆయనే, హెబ్రీలో ఆ పేరులోనే నవ్వు ఉంది. సండే స్కూల్లో ఎన్నోసార్లు విన్న కథే, అప్పుడే నాకు అందింది.

జబ్బు మీద జోకు నేనెప్పుడూ మొదలుపెట్టలేదు. నాయన వేస్తే అందుకునేవాణ్ణి. ఆయన మాట్లాడని రోజు పక్కన ఊరికే కూర్చునేవాణ్ణి.

మీరూ అమ్మ గురించి చెప్పాలనుకున్నది ముందు అమ్మకే వినిపించండి. వద్దంటే ఆ ముక్క తీసేసి మిగతా షో చేయండి. మా నాయన పోయి మూడేళ్లయింది. ఆటో మాట ప్రతి క్రిస్మస్‌కూ చెబుతాను. చెప్పమన్నది ఆయనే.