పిన్, స్పిన్: రెండు ‘ప’లు వినిపిస్తుంటే పట్టికలో ఒక్కటే ఎందుకు?

ఇంగ్లిష్ పిన్ (pin), స్పిన్ (spin) మాటల్లో ‘ప’ రెండు రకాలుగా వినిపిస్తోందన్నారు కదా, మీ చెవి తప్పు కాదు, వినిపించే తేడానీ అర్థం మార్చే తేడానీ కలిపేశారు, అంతే. ఇంగ్లిష్ 24 హల్లుల పట్టికలో ఉన్నవి ఫోనీమ్‌లు, అంటే ఒకదాని బదులు ఇంకొకటి పెడితే మాట అర్థమే మారిపోయే శబ్దాలు.

1. నోటి ముందు సన్న కాగితం పట్టుకుని రెండూ అనండి. పిన్‌లో ‘ప’తో గాలి విసురుగా వస్తుంది కాబట్టి కాగితం బాగా కదులుతుంది, స్పిన్‌కి దాదాపు కదలదు.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు పని ఇప్పుడుంది: అదే చోట శబ్దం మార్చి, మాట మారిందా అని చూడాలి. పిన్‌ని బిన్ అంటే గుండుసూది కాస్తా చెత్తబుట్ట అయిపోయింది, కాబట్టి ప, బ వేర్వేరు ఫోనీమ్‌లు. స్పిన్‌లో గాలి ఊది పలికితే? వినడానికి వింతగా ఉంటుంది గానీ అది స్పిన్నే. అంటే ఆ రెండు ‘ప’లూ ఒకే ఫోనీమ్‌కి అల్లోఫోన్‌లు, అంటే అర్థం మార్చకుండా వేరుగా పలికే రూపాలు.

3. మనకి తికమక ఎందుకంటే, తెలుగు రాతలో ఆ గాలికి వేరే అక్షరమే ఉంది. కరం అంటే చెయ్యి, ఖరం అంటే గాడిద!

4. వర్గీకరణ అడిగితే రెండు ‘ప’లకీ ఒకటే రాయండి: నాదం లేని (గొంతులో కంపనం లేని), రెండు పెదవుల, స్పర్శ హల్లు (గాలిని పూర్తిగా ఆపి వదిలేది). ట, క లదీ ఇదే కథ, టాప్-స్టాప్, కిల్-స్కిల్‌తో చూసుకోండి.