వాసన గ్రాహకాలు, యాంటీబాడీలు

ప్రశ్న: మనిషి వాసన గ్రాహకాలను (వాసనలను పసిగట్టే ప్రొటీన్లను) గుర్తించడానికి ప్రయోగశాలల్లో యాంటీబాడీలు (ఒక నిర్దిష్ట ప్రొటీన్‌కు అతుక్కునే ప్రొటీన్లు) వాడతారట. వాటి ఫలితాన్ని నమ్మవచ్చా?
– ఒక బయోటెక్నాలజీ విద్యార్థిని

జవాబు: పరీక్షించకుండా నమ్మకూడదు. ఈ గ్రాహకాల జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో వెల్లడించి, 2004లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మనిషిలో పనిచేసే ఇలాంటి జన్యువులు సుమారు 400 ఉన్నాయి. ఈ ప్రొటీన్లు కణపు పొరను ఏడుసార్లు దాటుతూ చాలావరకు అందులోనే ఇమిడి ఉంటాయి కనుక, కణం బయటి నుంచి యాంటీబాడీ పట్టుకోవడానికి చిన్న కొస, కొన్ని మెలికలు మాత్రమే దొరుకుతాయి. పైగా వాటిలో చాలా వాటికి దగ్గరి పోలికలుండటంవల్ల, ఒకదాని కోసం తయారుచేసిన యాంటీబాడీ దాని తోబుట్టువుకూ అతుక్కోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చే పరీక్షను ముక్కే ఇస్తుంది. అక్కడ ఒక్కో నాడీకణం సాధారణంగా ఒకే రకం గ్రాహకాన్ని తయారుచేస్తుంది కాబట్టి, సరైన యాంటీబాడీ అక్కడక్కడ చెదురుగా ఉన్న కణాలకే రంగు పట్టించాలి. ముక్కు లోపలి పొర మొత్తం మెరిసిపోతే అనుమానించాల్సిందే. ఆ గ్రాహకపు జన్యువును చొప్పించిన కణాలనూ, చొప్పించని కణాలనూ పక్కపక్కన పెట్టి చూడటం తప్పనిసరి. ప్రొస్టేట్‌లో కనిపించే ఓఆర్51ఈ2 వంటి గ్రాహకాలను ముక్కు వెలుపల వెతికేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం; అక్కడ ఆ జన్యువు పనిచేస్తోందని తెలిపే ఆర్‌ఎన్‌ఏ ఆధారం కూడా తోడుగా చూపించండి.