ఐటీఐ ఎలక్ట్రీషియన్ తర్వాత రిజిస్టర్డ్ అప్రెంటిస్ అవ్వాలంటే ఏం చెయ్యాలి?

ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయిపోవస్తోంది, దగ్గర్లో ఫ్యాక్టరీ వాళ్ళు అప్రెంటిస్‌గా వచ్చెయ్యమంటున్నారు, చేరిపోనా అని అడిగావు కదా తమ్ముడూ. చేరే ముందు వాళ్ళని ఒక్కటే అడుగు, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నా కాంట్రాక్ట్ ఎప్పుడు పెడతారు అని.

నేను అడగలేదు. నాలుగు నెలలు పొద్దున్నుంచి రాత్రి దాకా కేబుళ్ళు మోశాక, చివర్లో రాయాల్సిన ట్రేడ్ టెస్ట్ సంగతి కనుక్కుంటే అప్పుడు తెలిసింది, నన్ను ఎక్కడా రిజిస్టర్ చెయ్యలేదని. హాజరు పుస్తకంలో నా పేరు పక్కన హెల్పర్ అని ఉంది. ఇంటికొచ్చి నాన్నకి చెప్పడానికి నోరు రాలేదు. 1961 అప్రెంటిసెస్ చట్టం కింద కాంట్రాక్ట్ రిజిస్టర్ అయితేనే మనం అప్రెంటిస్, లేకపోతే ఎన్ని నెలలు చేసినా లెక్కలోకి రాదు.

ముందు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నువ్వే క్యాండిడేట్‌గా రిజిస్టర్ అవ్వాలి. ఆధార్, పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకో. మనవాళ్ళకి చిక్కొచ్చేది పేరు దగ్గరే, మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇనిషియల్ ఒక్కటే ఉంటుంది, అది ఇప్పుడే సరిచేయించుకో. ఖాతాకి ఆధార్ లింక్ కూడా ఉండాలి, నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద స్టైపెండ్‌లో ప్రభుత్వం ఇచ్చే 25 శాతం వాటా (నెలకి రూ.1,500 మించదు) నేరుగా అందులోనే పడుతుంది. తర్వాత కంపెనీకి అప్లై చేస్తావు, వాళ్ళు ఆఫర్ పంపుతారు, నువ్వు ఒప్పుకుంటే కాంట్రాక్ట్ తయారవుతుంది. అడగడానికి మొహమాటపడకు. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని అప్రెంటిస్‌షిప్ నిబంధనల్లోనే ఉంది.

రైల్వే మీద ఆశ ఉంటే మాత్రం తొందరపడి ఎక్కడా సంతకం పెట్టకు. దక్షిణ మధ్య రైల్వే నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు పరీక్ష లేకుండా పదో తరగతి, ఐటీఐ మార్కుల మీదే తీసుకుంటారు, అక్కడ పూర్తిచేసినవాళ్ళకి లెవెల్-1 (రైల్వేలో మొదటి మెట్టు) ఉద్యోగాల్లో 20 శాతం కోటా కూడా ఉంది, కానీ అప్పటికే వేరేచోట అప్రెంటిస్ చేసినవాళ్ళని తీసుకోరు.

నేను రెండోసారి కాంట్రాక్ట్‌తోనే చేరాను. అక్కడ మా సీనియర్ మొదటి రోజే నా చేతిలో టెస్టర్ పెట్టి, ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతుందో లేదో చూడు, తర్వాత ఆపేసిన లైన్ మీద చూడు, మళ్ళీ వెనక్కొచ్చి అదే సాకెట్‌లో చూడు అన్నారు. మధ్యలో టెస్టర్ పాడైతే చచ్చిన లైన్ అనుకుని చెయ్యి పెట్టేస్తాం కదా. మొదటిచోట నాలుగు నెలల్లో ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

కాంట్రాక్ట్ వచ్చాక ట్రేడ్ ఎలక్ట్రీషియన్ అనే ఉందా, తేదీలు సరిగ్గా ఉన్నాయా చూసుకో. తేడా కనిపిస్తే మీ ఐటీఐలో అప్రెంటిస్‌షిప్ పనులు చూసే సార్‌కి ఆ రోజే చూపించు.